చూపులేని బిడ్డలకు లెక్కలెందుకు?

(సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు ఇంటికి వచ్చి "మాస్టారూ, ఈసారి చదువు మీద నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. చదువు గురించి ఈ వేదిక మీద చాలామంది చాలా సంగతులు చెప్పారు. స్కాలర్‌షిప్పుల గురించి చెప్పారు, ఆడపిల్లల చదువు గురించి చెప్పారు, ఉద్యోగాల గురించి చెప్పారు. నేను జీవితమంతా హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. నాకు తెలిసింది లెక్కలే. అంచేత ఆ లెక్కల్లోంచే ఒక సంగతి తీసుకుంటాను. కళ్ళు కనిపించని పిల్లలకు హైస్కూలు లెక్కలు చెప్పవచ్చునా, చెబితే ఎలా చెప్పాలి, అసలు ఎందుకు చెప్పాలి అన్నదే నా విషయం.

"ఇది మనకెందుకండీ, మన ఇంట్లో అలాంటి పిల్లలు లేరు" అని ఎవరైనా అనుకుంటారేమో. మీ ఇంట్లో లేకపోవచ్చు. మీ వీధిలో వుండవచ్చు. సంఘం దగ్గరికి సాయం కోసం వచ్చేవాళ్ళలో వుండవచ్చు. ఆ బిడ్డకు మనం ఏమిస్తున్నాం? రంజాను నెలలో బట్టలిస్తాం, చలికాలంలో దుప్పటి ఇస్తాం. మంచిదే. లెక్కల చదువు ఇవ్వాలని మాత్రం మనకు తోచదు. నాకూ తోచలేదు. ముందుగా ఆ తప్పు మీ ముందు చెప్పుకుని తర్వాత మిగతా విషయం చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1986లో, మా హైస్కూల్లో ఎనిమిదో తరగతిలోకి ఒక అబ్బాయి చేరాడు. పుట్టుకతోనే చూపు లేదు. అన్న చెయ్యి పట్టుకుని బడికి వచ్చేవాడు. తెలుగు, సాంఘికం వింటే ఇట్టే పట్టేవాడు. నా పీరియడ్ వచ్చేసరికి నాకు ఇబ్బంది అయ్యేది. నేను బోర్డు మీద రాస్తాను, వాడు చూడలేడు. ఏం చెయ్యాలో తెలియక ఒక రోజు దగ్గరకు పిలిచి, "బాబూ, నీకు లెక్కల్లో ఎలాగూ మినహాయింపు వుంటుంది, ఈ గంట వరండాలో హాయిగా కూర్చో" అన్నాను. దయతోనే అన్నానండీ. వాడు సరేనని కిటికీ పక్కన కూర్చునేవాడు.

ఒకనాడు క్లాసులో బారువడ్డీ లెక్క నోటితో అడిగాను. లోపల నలభై మంది నోట్సు మీద గీసుకుంటూ వుండగా వరండాలోంచి జవాబు వచ్చింది. సరైన జవాబు. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వి "శభాష్" అన్నాను. అంతటితో ఊరుకున్నాను. వాణ్ణి లోపలికి పిలవలేదు. మూడేళ్ళూ వాడు వరండాలోనే కూర్చున్నాడు. లెక్కలు లేకుండానే పది దాటాడు.

చాలా ఏళ్ళ తర్వాత బస్టాండు దగ్గర ఒక ఎస్.టి.డి. బూత్‌లో ఫోన్ చెయ్యడానికి వెళ్ళాను. నా గొంతు వినగానే "సార్, నమస్కారం" అన్నాడు లోపలున్న మనిషి. వాడే. వికలాంగుల కోటాలో బూత్ వచ్చింది. నిమిషాలు చెబితే చాలు, బిల్లు చిల్లరతో సహా నోటితోనే వేసేస్తున్నాడు. "బి.కాం. చదవాలనుకున్నాను సార్, లెక్కలు లేవు గదా, అకౌంట్లు నీకెలా వస్తాయన్నారు" అన్నాడు. నేనేదో సర్దిచెప్పబోయాను. అప్పుడు వాడన్న మాట ఇది: "మీరు నన్ను బాగానే చూశారు సార్. ఎప్పుడూ కోప్పడలేదు, కొట్టలేదు. ఒక్క లెక్క మాత్రం చెప్పలేదు."

తర్వాత సెల్ ఫోన్లు వచ్చి ఆ బూతులన్నీ మూతపడిన సంగతి మీకు తెలుసు. ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

కొన్ని బోర్డుల్లో చూపులేని విద్యార్థులు లెక్కలకు బదులు సంగీతమో మరొకటో తీసుకునే వెసులుబాటు వుంది. సంగీతం మీద నిజంగా ఇష్టం వున్న పిల్లవాడికి అది వరమే. కాని మనం చేసేదేమిటి? పిల్లవాణ్ణి అడగకుండానే మినహాయింపు కాగితం మీద సంతకం పెట్టించి, అమ్మయ్య అనుకుంటాం. పదో తరగతిలో లెక్కలు వదిలేసిన బిడ్డకు ఆ తర్వాత సైన్సు లేదు, కామర్సు కష్టం, కంప్యూటరు చదువు కష్టం, పోటీ పరీక్షల్లో అంకెల భాగం వచ్చేసరికి చేతులెత్తెయ్యాలి. పదమూడేళ్ళ వయసులో మనం చేసిన ఉపకారం ముప్పయ్యేళ్ళ వయసులో అడ్డుగోడై నిలబడుతుంది.

ఇంకొక మాట కూడా వింటూ వుంటాం. "వీళ్ళకు జ్ఞాపకశక్తి ఎక్కువండీ, ఏదైనా కంఠస్థం చేయిద్దాం" అంటారు. కంఠస్థం చెయ్యగలగడం గొప్ప శక్తే, మన ఇళ్ళల్లో ఆ విలువ అందరికీ తెలుసు. కాని లెక్కల్లో అదే ఒక ఉచ్చు కూడా అవుతుంది. పైథాగరస్ సిద్ధాంతం నిరూపణ మొదటినుంచి చివరిదాకా అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పిన విద్యార్థిని చూశాను. "కర్ణం ఏదమ్మా?" అని చేతికి ముక్కోణం ఇస్తే ఏ అంచు చూపించాలో తెలియలేదు. తప్పు ఆ బిడ్డది కాదు. ముక్కోణం ఆమె చేతికి అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

చూపులేనివారికి లెక్కలు రావన్నది ఎంత అబద్ధమో చెప్పడానికి చరిత్ర చాలు. ఇంగ్లండులో నికొలస్ సాండర్సన్ అనే ఆయన 1682లో పుట్టాడు. పసితనంలోనే మశూచికం వచ్చి రెండు కళ్ళూ పోయాయి. అదే మనిషి 1711లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో అంతకుముందు న్యూటన్ కూర్చున్న గణితాచార్య పీఠంలో కూర్చున్నాడు. చిల్లుల పలకలో గుండుసూదులు గుచ్చి, వేళ్ళతో తడుముతూ లెక్కలు చేసేవాడు. పసితనంలోనే చూపు పోయిన ఆయన కాంతిశాస్త్రం మీద పాఠాలు చెప్పాడు.

రష్యాలో పొంట్రియాగిన్ 1908లో పుట్టాడు. పద్నాలుగో ఏట స్టవ్ పేలి చూపు పోయింది. తల్లి కుట్టుపని చేసి ఇంటి ఖర్చులకు సాయపడే మనిషి. ఆమెకు ఉన్నత గణితం తెలియదు. ఆ గుర్తుల పేర్లు కూడా తెలియవు. అయినా కొడుక్కి గణిత గ్రంథాలు చదివి వినిపించింది. సమితుల గుర్తులు వస్తే "తోకలు పైకి వున్నది", "తోకలు కిందికి వున్నది" అని ఆకారం చెప్పేది. కొడుకు అర్థం చేసుకునేవాడు. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గణితవేత్తల్లో ఒకడయ్యాడు. నాకు లెక్కలు రావు, నేనేం సాయం చెయ్యగలను అనే తల్లులు ఈ తల్లిని గుర్తుపెట్టుకోవాలి.

మన తెలుగు గడ్డ మీది మాట చెబుతాను. కృష్ణా జిల్లాలో మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో రైతు కుటుంబంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు పుట్టుకతో చూపు లేదు. పదో తరగతి మంచి మార్కులతో ప్యాసై, ఇంటర్మీడియట్‌లో లెక్కలు, సైన్సు తీసుకుంటానంటే, అంధులకు ఆ గ్రూపు కుదరదన్నారు. ఆయన కోర్టుకు వెళ్ళి అనుమతి తెచ్చుకున్నాడు. 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి, తిరిగివచ్చి 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. 2024లో ఆయన జీవితం మీద హిందీ సినిమా కూడా వచ్చింది. సినిమా చూసి అందరం చప్పట్లు కొట్టాం. కాని ఒక పిల్లవాడు లెక్కలు చదువుకోవడానికి కోర్టు మెట్లెక్కవలసి వచ్చిందన్న సంగతి మనకు సిగ్గు కలిగించాలి. అందరు పిల్లలూ కోర్టుకు వెళ్ళలేరు గదా!

సరే, ఎలా చెప్పాలి? నాకిది రెండోసారి అవకాశం వచ్చినప్పుడు తెలిసింది. మా ఊళ్ళో ఒక దర్జీ భాయ్ కూతురు. ఆరేళ్ళప్పుడు జబ్బు చేసి చూపు పోయింది. అమ్మాయిని తీసుకువచ్చి, "మాస్టర్ సాబ్, ఎలాగో పది గట్టెక్కితే చాలు, లెక్కలు వద్దనిపించండి" అన్నాడు. నాకు వరండాలో కుర్రవాడు గుర్తొచ్చాడు. "లేదు భాయ్, ఈ అమ్మాయి లెక్కలు చదువుతుంది. నేనూ నేర్చుకుంటాను" అన్నాను.

ఒక అంధుల పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయుడి దగ్గరికి వెళ్ళాను. ఆయనకూ చూపు లేదు. నన్ను కూర్చోబెట్టి ఒకే ఒక పని చెప్పారు. "మీరు క్లాసులో చెప్పే పాఠం టేపురికార్డరులో పట్టండి. రాత్రి లైటు ఆర్పేసి దాన్ని వింటూ ఆ లెక్క చెయ్యండి. తర్వాత రండి." ఇంటికొచ్చి అలాగే చేశాను. నా గొంతు ఇలా వినిపించింది: "ఇదిగో, ఇది ఇటు తీసుకొస్తే ఇది మైనస్ అవుతుంది, దీన్ని దీంతో కొట్టేస్తే పైన ఇది, కింద అది." నా పాఠం నాకే అర్థం కాలేదు. ఇరవై ఏళ్ళుగా అనుభవం వున్న మాస్టర్నని గర్వపడేవాణ్ణి. లైటు ఆర్పేసరికి నా అనుభవమంతా బోర్డు మీదే వుండిపోయింది.

అప్పుడు మొదటి సూత్రం తెలిసింది. చేత్తో చూపించేదంతా నోటితో చెప్పాలి. "ఇది, అది" అన్న మాటలు మానెయ్యాలి. అంతేకాదు, చెప్పేది తేడా రాకుండా చెప్పాలి. ఉదాహరణకు "ఎక్స్ ప్లస్ 3 బై 2" అన్నామనుకోండి. ఎక్స్, 3 రెండూ కలిపి 2తో భాగించాలా? లేక 3ని మాత్రమే భాగించాలా? ఎక్స్ విలువ 1 అయితే మొదటి విధంగా 2 వస్తుంది, రెండో విధంగా రెండున్నర వస్తుంది. బోర్డు మీద గీత పొడుగు చూసి కళ్ళున్నవాడు తెలుసుకుంటాడు. చెవికి గీత పొడుగు తెలియదు. కాబట్టి "భిన్నం మొదలు, లవం ఎక్స్ ప్లస్ 3, హారం 2, భిన్నం ముగిసింది" అనాలి. వర్గమూలమైనా, కుండలీకరణమైనా మొదలు, ముగింపు రెండూ చెప్పాలి. నేనలా చెప్పడం మొదలుపెట్టాక ఒక వింత జరిగింది. కళ్ళున్న పిల్లల తప్పులు కూడా తగ్గాయి!

రెండోది రాత. బ్రెయిలీ లిపి సంగతి మీరు వినే వుంటారు. ఫ్రాన్సులో లూయీ బ్రెయిలీ 1809లో పుట్టాడు. తండ్రి జీనులు, పట్టెడలు కుట్టేవాడు. ఆ కొట్లో ఆడుకుంటుండగా పనిముట్టు కంట్లో గుచ్చుకుని పసివయసులోనే చూపు పోయింది. పదిహేనేళ్ళ వయసుకే ఆరు చుక్కల లిపి తయారుచేశాడు. ప్రతి చుక్కా వుండవచ్చు, లేకపోవచ్చు. ఆరు చుక్కలకు మొత్తం 64 రకాలు. ఖాళీ గడి తీసేస్తే 63 గుర్తులు. ఇదే ఒక మంచి లెక్క, పిల్లలు ఇంటికి వెళ్ళి చేసి చూడండి.

పలక మీద మొనతో పొడిచి రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు రాయాలి. ఉర్దూ రాసే మనవాళ్ళకు ఇది అలవాటే! కాగితం తిరగేసి చదివేటప్పుడు ఎడమ నుంచి కుడికి చదవాలి. ఇక్కడే లెక్కలకు చిక్కు వస్తుంది. రాసింది అప్పటికప్పుడు చదువుకోవడానికి లేదు. కాగితం తీసి తిప్పాలి. పొడుగు భాగహారం ఇలా చెయ్యడమెలా?

అందుకే టేలర్ ఫ్రేము అనే పలక వుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో పుట్టింది, మన దేశపు అంధ పాఠశాలల్లో బాగా వాడకంలో వున్నది. పలక నిండా ఎనిమిది మూలల నక్షత్రాల్లాంటి చిల్లులుంటాయి. వాటిలో నలుచదరపు చిన్న లోహపు ముక్కలు గుచ్చుతారు. ముక్క ఒక కొసన చిన్న గట్టు, రెండో కొసన రెండు మొనలు వుంటాయి. ఎనిమిది దిశల్లో తిప్పి పెట్టవచ్చు. రెండు కొసలకు కలిపి 16 గుర్తులు. పది అంకెలు పోగా మిగిలినవి కూడిక, తీసివేత వంటి గుర్తులకు సరిపోతాయి. ఆల్జీబ్రాకు వేరే ముక్కలున్నాయి. కాగితం మీద మనం ఒకదాని కింద ఒకటి వేసినట్టే ఆ బిడ్డ కూడా వేసి, తడిమి, తప్పయితే తీసి మార్చుకోవచ్చు.

తొందరగా కూడికలు, హెచ్చవేతలు చెయ్యడానికి అబాకస్ వుంది. చూపులేనివారి అబాకస్‌లో పూసల వెనక మెత్తటి గుడ్డ వుంటుంది. వేలు తగిలినా పూస జారదు. నిలువు కమ్మీకి పైన 5 విలువగల పూస ఒకటి, కింద 1 విలువగల పూసలు నాలుగు. మా అమ్మాయి మూడు నెలల్లో నాకంటె వేగంగా లెక్కలు చేసింది.

హైస్కూలు లెక్కలకు ప్రత్యేకమైన బ్రెయిలీ గుర్తులు కావాలి. వాటిని తయారుచేసినవాడు అబ్రహాం నెమెత్ అనే అమెరికన్. ఆయనకూ పుట్టుకతో చూపు లేదు. లెక్కల మీద ప్రాణం. పెద్దలు "అంధుడికి లెక్కలెందుకు, మనస్తత్వశాస్త్రం చదువు" అన్నారు. చదివాడు. తగిన ఉద్యోగం రాలేదు. అప్పుడు భార్య, ఎలాగూ నిరుద్యోగిగా వుండేటప్పుడు ఇష్టమైన లెక్కలు చదివిన నిరుద్యోగిగా వుండరాదా అన్నదట. ఆయన మళ్ళీ లెక్కలు చదివి విశ్వవిద్యాలయంలో దాదాపు ముప్పయ్యేళ్ళు బోధించాడు. తన చదువుకోసం కల్పించుకున్న గుర్తులే 1952లో నెమెత్ కోడ్‌గా అచ్చయ్యాయి. అందులో భిన్నానికి మొదలు గుర్తు, ముగింపు గుర్తు వుంటాయి. నేను లైటు ఆర్పి నేర్చుకున్న సంగతి ఆయన ఎప్పుడో గుర్తులో పెట్టేశాడు.

మూడోది రేఖాగణితం. "బొమ్మ చూడకుండా జామెట్రీ ఏమిటండీ" అని చాలామంది ఉపాధ్యాయులే అంటారు. బొమ్మ చేతికిస్తే సరి. ఇక్కడ మా దర్జీ భాయ్ నాకు గురువయ్యాడు. ఉబ్బెత్తు గీతలు గీయడానికి పళ్ళ చక్రం కావాలని ఆ అంధ ఉపాధ్యాయుడు చెప్పారు. రబ్బరు షీటు మీద కాగితం పెట్టి చక్రం నడిపితే కాగితం వెనకవైపు చుక్కల గీత లేస్తుంది. ఎక్కడ దొరుకుతుందా అని నేను వెతుకుతుంటే భాయ్ నవ్వి, సొరుగులోంచి తీసి ఇచ్చాడు. గుడ్డ మీద కొలతల గుర్తులు వేసుకునేది అదే!

ఆనాటినుంచి ఆయన మిషనే మా జామెట్రీ పెట్టె. దళసరి అట్ట మీద లావు దారంతో రెండు సమాంతర రేఖలు కుట్టాడు. వాటిని ఖండించే తిర్యగ్రేఖ వేరే రకం దారంతో కుట్టాడు. బిందువుల దగ్గర చిన్న గుండీలు. అమ్మాయి ఏకాంతర కోణాలు వేళ్ళతో పట్టుకుని, ఒక అట్టముక్క కత్తిరించి ఒక కోణంలో పెట్టి, అదే ముక్క రెండో కోణంలో పెట్టి "సరిగ్గా పట్టింది సార్" అన్నది. కొలతల టేపుకు ప్రతి సెంటీమీటరుకు ఒక దారపు ముడి, పదికి ఒక గుండీ కుట్టాడు. పన్నెండు సమాన భాగాలుగా ముడులు వేసిన తాడు తెచ్చి, 3, 4, 5 భాగాలుగా ముక్కోణం లాగి మేకులకు కట్టాం. 3, 4 కలిసే మూల తడిమి లంబకోణమని తానే చెప్పింది. కర్ణం ఏదని మళ్ళీ అడగవలసిన పని లేకపోయింది.

సమీకరణాలు తక్కెడతో చెప్పాను. ఆల్జీబ్రా అన్న మాట 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోని "అల్-జబ్ర్" నుంచి వచ్చింది. విడిపోయినదాన్ని తిరిగి చేర్చడమని దాని అర్థం. పల్చటి గుడ్డతో రెండు చిన్న సంచులు కుట్టి, రెండింటిలోనూ సమానంగా గుండీలు వేసి మూతికట్టేశాడు భాయ్. ఎన్ని వేశాడో అమ్మాయికి చెప్పలేదు. ఒక పళ్ళెంలో రెండు సంచులు, 3 విడి గుండీలు. రెండో పళ్ళెంలో 11 గుండీలు. కాడ సమంగా వుందని చేత్తో చూసుకుంది. రెండువైపులా మూడేసి తీసింది. మిగిలిన 8ని రెండు భాగాలు చేసింది. "సంచిలో నాలుగు!" అంది. సంచి విప్పి లెక్కపెట్టుకుని ఎంత సంతోషించిందో! కళ్ళున్న పిల్లలు పక్షాంతరం చేస్తే గుర్తు మారుతుందని కంఠస్థం చేస్తారు. ఎందుకు మారుతుందో ఈ అమ్మాయి చేతులకు తెలుసు.

వృత్తానికి మేకు, దారం. పరిధికి గాజు చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని గాజు వ్యాసంతో కొలిస్తే మూడుసార్లు పోగా ఇంకొంచెం మిగులుతుంది. శంఖువుకు పల్లీల పొట్లం. అదే అడుగు, అదే ఎత్తు వున్న అట్ట స్థూపం చేసి బియ్యం పోస్తే మూడు పొట్లాలకు నిండుతుంది. గ్రాఫులకు మెత్తటి బోర్డు మీద గడులుగా దారాలు, గుండుసూదులు, రబ్బరు బ్యాండు.

ఒక హెచ్చరిక. పుస్తకంలో వున్న ప్రతి బొమ్మనూ అలాగే ఉబ్బెత్తుగా చేసి ఇస్తే చాలదు. పెట్టెను కాగితం మీద ఏటవాలు గీతలతో గీస్తాం గదా, అది కంటికి మాత్రమే పెట్టె. వేలికి అది గజిబిజి గీతలు. ఘనం చెప్పాలంటే ఘనమే చేతికివ్వాలి. అలాగే ఒక బొమ్మలో ఒక సంగతే వుండాలి. వేలు ఒకచోటనుంచి ఒకచోటికి నెమ్మదిగా వెళుతుంది. కన్ను మాదిరి ఒక్కసారిగా అంతా చూడదు. కాబట్టి కొంచెం ఎక్కువ సమయం ఇవ్వాలి, తొందరపెట్టకూడదు.

కొంచెం చూపు మిగిలివున్న పిల్లల్ని మరిచిపోవద్దు. వాళ్ళకు దళసరి నల్ల స్కెచ్ పెన్ను, పెద్ద అక్షరాలు, కిటికీ వెలుగు కళ్ళల్లో పడకుండా ముందు బెంచీలో చోటు ఇస్తే చాలా మేలు జరుగుతుంది. అందరినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇక పరీక్షలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, పాఠ్యక్రమంలోను, పరీక్షల్లోను తగిన మార్పులు చెయ్యాలంటున్నది. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలని చెప్పారు. అంటే మూడు గంటల పరీక్షకు ఒక గంట. రాసిపెట్టే సహాయకుణ్ణి అభ్యర్థే తెచ్చుకుంటే అతని చదువు అభ్యర్థి చదువుకంటె ఒక మెట్టు తక్కువ వుండాలన్నారు. న్యాయమే. కాని ఆ నిబంధన ప్రకారం పదో తరగతి లెక్కలు తొమ్మిదో తరగతి పిల్ల రాయవలసి వచ్చేది. ఆ పిల్లకు చెప్పేది అందకపోతే మార్కులు పోయేది మన బిడ్డకు. మా అమ్మాయికి రాసే పిల్లతో రెండు నెలలు ప్రతి ఆదివారం సాధన చేయించాను. "భిన్నం మొదలు, భిన్నం ముగింపు" అన్న భాష ఇద్దరికీ ఒకటే కావాలి. పరీక్షరోజున మొదటిసారి కలుసుకుంటే పని జరగదు.

ఈ రోజుల్లో సెల్ ఫోన్లు మాట్లాడుతున్నాయి, కంప్యూటర్లు చదివి వినిపిస్తున్నాయి. ఎన్.వి.డి.ఎ. అనే ప్రోగ్రాము ఉచితంగానే దొరుకుతుంది. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియన్ యువకులు మొదలుపెట్టినది అది. ఇవన్నీ గొప్ప సాయమే. అయితే బ్రెయిలీ ఇక అక్కర్లేదనే మాట నమ్మకండి. పొడుగు సమీకరణం చెవితో విని ఎంతసేపు మనసులో నిలుపుకుంటాం? మధ్యలో వున్న గుర్తు దగ్గరికి వెనక్కి వెళ్ళాలంటే వేలికింద అది వుండాలి. మీరు కాగితం లేకుండా రెండు వరుసల లెక్క చేసి చూడండి, నా మాట మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి లెక్కల్లో 71 మార్కులతో పది ప్యాసయింది. ఇంటర్మీడియట్‌లో లెక్కలు, ఎకనామిక్స్, కామర్సు వున్న గ్రూపు తీసుకున్నది. ఇప్పుడు ఒక బ్యాంకులో పనిచేస్తున్నది. అన్ని పనులూ సులువుగా జరిగాయని చెప్పను. లోహపు ముక్కల డబ్బా చేయిజారి నేలంతా చెల్లాచెదరై, ఒక్కొక్కటే తడుముకుంటూ ఏడ్చిన రోజులున్నాయి. త్రికోణమితిలో మూడు వారాలు ఇద్దరం ఒకే పాఠం దగ్గర ఆగిపోయాం. నాకే విసుగొచ్చింది. "ఇంకోసారి చెప్పండి సార్" అన్నది ఆ అమ్మాయే.

సోదర సోదరీమణులారా, చివరగా సంఘానికి నా మనవి. మనం పంచే సాయంలో ఈసారి ఒక టేలర్ ఫ్రేము, ఒక అబాకస్, ఒక జామెట్రీ పెట్టె చేర్చండి. ఇవి పెద్ద ఖరీదైన వస్తువులు కావు. సంఘం ఆఫీసులో పెట్టి, అవసరమైన కుటుంబానికి ఇచ్చి, పని అయ్యాక మరొకరికి ఇవ్వవచ్చు. మన హైస్కూలు పిల్లల్లో చక్కగా రాసేవారి పేర్లు పట్టిక వేసి, పరీక్షకు ఆరు నెలల ముందే రాతకోసం జతచెయ్యండి. తల్లులారా, చూపులేని బిడ్డను ఇంట్లోనే దాచకండి. అంగడికి పంపండి, చిల్లర లెక్కపెట్టనివ్వండి, బియ్యం కొలవనివ్వండి, చపాతీ మడిచి సగం, పావు చేయనివ్వండి. హైస్కూలు లెక్కలకు పునాది అక్కడే పడుతుంది. ఆడపిల్లయితే "దీనికెందుకులే" అని మరీ అనకండి.

ఉపాధ్యాయ మిత్రులు ఎవరైనా వుంటే వారికి ఒక్కమాట. ఇవాళ రాత్రి మీ పాఠం ఫోనులో పట్టి, లైటు ఆర్పి వినండి. తర్వాత ఏం చెయ్యాలో మీకే తెలుస్తుంది.

నేను ఒక బిడ్డను వరండాలో కూర్చోబెట్టాను. ఒక బిడ్డను లోపల కూర్చోబెట్టాను. రెండోది చేశాను గదా అని మొదటిది మాసిపోదు. మీ వీధిలో ఏ బిడ్డ అయినా వరండాలో కూర్చుని వుంటే దయచేసి లోపలికి పిలవండి. ఎలా చెప్పాలో తెలియకపోతే నా దగ్గరకు పంపండి. ఫీజు అక్కర్లేదు, గుండీలు, దారం ఇంకా వున్నాయి.